రెండు వేళ్ల సందు

టైరుకీ, దాని పైనున్న రేకు వంపుకీ మధ్య
నా చెయ్యి నాలుగు వేళ్లూ దూరిపోతాయి.
అక్కడే నా బాధంతా.

కొన్న రోజునించీ చూస్తున్నాను,
వంకాయరంగు బండి, పదకొండేళ్ల వయసు,
వాన నీళ్లలో పంచె ఎగ్గట్టుకుని
రోడ్డు దాటబోయే మనిషిలా నిలబడుతుంది.
ఆ పంచె కాస్త దించాలి.
అంతే నేను కోరేది. రెండు వేళ్లు.

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో జిలానీ షెడ్డు.
గ్రీజు పట్టిన బెంచీ మీద మూడు దారులు పరిచాడు.
ఒకటి గ్యాస్ కట్టరు: ఉన్న స్ప్రింగునే
చుట్టున్నర కోసి పారేయడం. ఎనిమిది వందలు, టీతో సహా.
చెప్పి, తనే తల అడ్డంగా ఊపాడు.
"కోసిన స్ప్రింగు తను కూర్చునే చోటు మర్చిపోతాదన్నా.
గుంతలో చక్రం యాలాడినప్పుడు
కప్పులోంచి జారి పక్కకి చూస్తాది."

తక్కిన రెండూ కోయంబత్తూరు నుంచి వచ్చిన డబ్బాలు.
ఎర్రవి ముప్పై మిల్లీమీటర్లు దించుతాయి, నల్లవి యాభై.
నల్లదాన్ని చేతిలోకి తీసుకున్నాను.
కొత్త పెయింటు వాసన. ఒక చివర చుట్లు ఒత్తుగా,
పోను పోను ఎడంగా,
ఎవరో సగంలో లేచి వెళ్లిన జడ.

నేను బెల్లం మండీలో కాటా రాసేవాణ్ణి.
బరువంటే నాకు అంకె.
జిలానీకి అది ప్రశ్న.
"యనక ఎవురు కూర్చుంటారు?"
ఎవరూ లేరన్నాను.
అతను వెనక తలుపు తీసి చూశాడు.
ఎడమవైపు అద్దం మీద నూనెతల మరక,
సీటు కింద గోనెలు కుట్టే దబ్బనం,
వాడిన కనకాంబరాల దారం, ఒంటి చెప్పు.
"ఎవురూ లేరా?"

ఉన్నారు. సాయంత్రం మండీ మూశాక
మురకంబట్టులో మా వీధి దాకా వచ్చేవాళ్లు.
గోనెలు కుట్టే మునెమ్మ, ఆమె చెల్లెలు పవునమ్మ,
హమాలీ గుర్రప్ప, ఒక్కడే ఇద్దరి తూకం.
ఆ వేళకి ఆటోలు ఉండవు, అంతే.
లెక్కలో రాయలేదు వాళ్లని.

జిలానీ నవ్వలేదు. షెడ్డులోని ముగ్గురు కుర్రాళ్లని
వెనక ఎక్కించాడు, ఒడిలో పాత బ్యాటరీ ఒకటి పెట్టి.
బండి నిట్టూర్చి కిందికి దిగింది.
"ఇప్పుడు పెట్టు చెయ్యి."
పెట్టాను.
రెండు వేళ్లు.

కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు.
కుర్రాళ్లకి దిగాలో వద్దో తెలియలేదు.

పాకం సంగతి నాకు తెలుసు. ముదిరితే అచ్చు పగులుతుంది,
లేతదైతే గోనెలోనే కారిపోతుంది.
స్ప్రింగూ అట్లాంటిదేనన్నాడు. దించేకొద్దీ గట్టిది కావాల,
లేకుంటే లోపలి రబ్బరు మీద బండి నడుం కొట్టుకుంటాది.
"నల్లవి బాగుంటాయన్నా, ఫొటోకి.
మీ గుర్రప్ప ఫొటోలో ఎక్కడు గదా."

ఇంత విని నేను ఎర్రవి కొన్నాను.
మనిషికి చెప్పొచ్చు బుద్ధి, వాడి వేళ్లకి చెప్పలేం.

ఇప్పుడు నేనొక్కణ్ణే ఉంటే రెండు వేళ్ల సందు.
అందరూ ఎక్కితే చిటికెనవేలు కూడా దూరదు.
ఎవరి కుక్కో చచ్చినప్పుడు వీధివాళ్లే పోసుకున్న
సిమెంటు స్పీడ్‌బ్రేకరు ముందు ఆపుతాను.
గుర్రప్ప దిగుతాడు. మునెమ్మ దిగుతుంది.
పవునమ్మ నన్ను తిడుతూ దిగుతుంది.
ఖాళీ బండిని వాలుగా తిప్పి
ఒక్కో చక్రాన్నీ బతిమాలి దాటిస్తాను.
వాళ్లు పక్కనుంచి నడిచొస్తారు, పెళ్లికొడుకు బండి వెంట వచ్చినట్టు.
అవతల మళ్లీ తలుపుల చప్పుడు.

ఒక్కోరోజు గుర్రప్ప నిద్రపోతుంటాడు.
లేపబుద్ధి కాదు.
అప్పుడు బండి కడుపు కింద గర్ర్‌మంటుంది,
మా ఇంట్లో టీకి నీళ్లు పడతాయి.

నిన్న రాత్రి టార్చి పట్టుకుని వెళ్లి చూశాను.
సిమెంటు మీద, ఈ చివర నుంచి ఆ చివరకి,
తప్పు రాసి కొట్టేసిన అంకె మీది గీతలా
నా బండి గీసిన గీత.